మాట పూర్తి కానివ్వండి, తప్పు తర్వాత చెబుదురు

మదనపల్లె చుట్టుపక్కల కాలేజీల్లో క్యాంపస్ సెలక్షన్లు దగ్గరపడితే చాలు, గ్రూప్ డిస్కషన్లు, ‘జామ్’లు మొదలవుతాయి. జామ్ అంటే ‘జస్ట్ ఎ మినిట్’: ఇచ్చిన టాపిక్ మీద నిమిషంపాటు ఆగకుండా ఇంగ్లీషులో మాట్లాడాలి. ఈసారి టాపిక్ టమాటా ధరలు అనుకుందాం. రైతు కూతురు ఒకమ్మాయి లేచింది. ‘లాస్ట్ ఇయర్ వుయ్ డిడ్ నాట్ గాట్ గుడ్ రేట్...’ అందో లేదో, వెనక బెంచీ నుంచి ‘గాట్ కాదు, గెట్!’ అని కేక. ఇద్దరు ముగ్గురు నవ్వారు. అమ్మాయి ‘సారీ’ అని మళ్ళీ మొదలుపెట్టింది. రెండు వాక్యాలయ్యాక ‘దట్సాల్’ అని కూర్చుంది.

వెనక బెంచీ చెప్పింది నూటికి నూరుపాళ్ళూ రైటే. కానీ ఆ గదిలో మదనపల్లె మార్కెట్ యార్డు సంగతి అందరికంటే బాగా తెలిసిన మనిషి ఆ అమ్మాయి. వేలం ఎట్లా పాడతారో, మండీలో కమీషన్ ఎంత పోతుందో, 2023 జులైలో కిలో 150 రూపాయలు దాటినప్పుడు పంట చేతిలో ఉన్నవాళ్ళెవరో, లేనివాళ్ళెవరో, రేటు పడిపోయిన ఏడు కోతకూలి కూడా గిట్టక కాయను చెట్టు మీదే వదిలెయ్యడం ఎట్లా ఉంటుందో ఆమె చెప్పగలదు. హెచ్‌ఆర్ వాళ్ళు చెవులు రిక్కించి వినే సంగతులవి. అన్నీ ‘గెట్’ దగ్గర ఆగిపోయాయి.

ఈ కథనం వెనక బెంచీ వాళ్ళ కోసం. వాళ్ళేమీ చెడ్డవాళ్ళు కారు. అరవై మంది ఉన్న క్లాసులో లెక్చరర్ గంటసేపు వరసగా విన్నా తలా ఒక నిమిషం దక్కుతుంది. దిద్దడానికి ఇక టైమెక్కడిది? కాబట్టి స్పోకెన్ ఇంగ్లీషులో తోటివాళ్ళ తప్పు తోటివాళ్ళే చెప్పుకోవాలి. వేరే దారి లేదు. తేడా అంతా ఎప్పుడు చెబుతాం, ఎంత చెబుతాం, ఎవరి ముందు చెబుతాం అనే దాంట్లోనే ఉంది.

నాలుగో భాషగా ఇంగ్లీషు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం. ఈ మూడు ఊళ్ళనూ కలిపి చూడటానికి కారణం ఉంది. మూడూ కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్నవే, మూడింటి చూపూ బెంగళూరు వైపే. కుప్పం అయితే ఆంధ్ర, తమిళనాడు, కర్ణాటక కలిసే చోట ఉంది. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని అక్కడ పెట్టడం వెనక ఉన్న ఆలోచనా అదే. కుప్పం పిల్లవాడు ఇంట్లో తెలుగో తమిళమో మాట్లాడతాడు, బజారులో కన్నడం అర్థం చేసుకుంటాడు, సినిమా ఏ భాషలో వచ్చినా చూస్తాడు. మదనపల్లె, పుంగనూరులలో ఉర్దూ మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇంతమందికి ఇన్ని భాషలు వచ్చినచోట ఇంకొక్క భాష దగ్గర గొంతు పూడుకుపోతోందంటే అది తెలివి సమస్య అనుకోలేం.

ఆ భాషల్లో మాట్లాడటాన్ని ఎవరూ పరీక్ష పెట్టి నేర్పలేదు. అంగట్లో తప్పు కన్నడం మాట్లాడితే అంగడాయన నవ్వి సరుకు ఇస్తాడు. ఇంగ్లీషు దగ్గర మాత్రం సరుకు ఇవ్వకుండా నవ్వుతాం. చిత్తూరు యాసను విజయవాడలోనో హైదరాబాదులోనో ఎవరైనా వెక్కిరిస్తే మనకు ఎంత మండుతుంది! 2021లో ‘పుష్ప’ వచ్చాక ఆ యాస రాష్ట్రమంతా ముద్దొచ్చింది గానీ, అంతకుముందు హాస్టళ్ళలో దాన్ని దాచుకున్నవాళ్ళు ఎందరో. ఆ మంట తెలిసినవాళ్ళమే పక్కవాడి ‘డిడ్ నాట్ వెంట్’కు పగలబడి నవ్వుతాం.

ఠాగూర్‌కూ తప్పలేదు

మదనపల్లెకు ఇంగ్లీషుతో ఉన్న బంధం క్యాంపస్ సెలక్షన్లతో మొదలు కాలేదు. 1915లో అనీబిసెంట్ పెట్టిన థియొసాఫికల్ కాలేజీకి 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ వచ్చి కొన్నాళ్ళున్నారు. ‘జనగణమన’ను ‘ద మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా’ పేరుతో ఇంగ్లీషులోకి మార్చింది ఇక్కడే. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఐర్లండు కవి. ఆయన భార్య మార్గరెట్ ఆ పాటకు స్వరలిపి రాశారు. ఇదంతా ఊళ్ళో అందరికీ తెలిసిన కథే. తెలియాల్సింది ఇంకొకటి ఉంది. నోబెల్ బహుమతి వచ్చిన 1913లోనే ఠాగూర్ తన అన్న కూతురు ఇందిరాదేవికి రాసిన ఉత్తరంలో, తనకు ఇంగ్లీషు రాయడం రాదన్నది లోకానికి తెలిసిన విషయమే కదా అన్నట్టు రాసుకున్నారు. ‘గీతాంజలి’ ఇంగ్లీషు ప్రతిని కవి యేట్స్ చూసి అక్కడక్కడా మార్పులు సూచిస్తే ఒప్పుకున్నారు. ఆ తర్వాత బ్రిటన్ ఆస్థానకవి రాబర్ట్ బ్రిడ్జెస్ తన సంకలనం కోసం అందులోని ఒక గీతాన్ని దిద్దుతానంటే మాత్రం మొదట ససేమిరా అన్నారు. చాలా నచ్చచెప్పాక గానీ సరే అనలేదు. సంకలనం 1916లో వచ్చింది. నోబెల్ కవికే ఒకరి దిద్దుబాటు రుచించి, ఇంకొకరిది రుచించకపోతే, సెకండ్ ఇయర్ బీకాం పిల్లకు రుచించకపోవడంలో వింతేముంది?

ఈ ఊళ్ళోనే పుట్టిన తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి సంగతీ అంతే. 1909లో మద్రాసు అడయారులో థియొసాఫికల్ సొసైటీ ప్రముఖుడు లెడ్‌బీటర్ కంట్లో పడేనాటికి ఆయన పద్నాలుగేళ్ళ తెలుగు పిల్లవాడు, ఇంగ్లీషు అంతంతమాత్రం. మరుసటి ఏడు ఆయన పేరుతో ‘ఎట్ ద ఫీట్ ఆఫ్ ద మాస్టర్’ అనే చిన్న పుస్తకం వచ్చింది. ఏడాది కిందట ఆ పిల్లవాడి ఇంగ్లీషు ఇప్పుడున్నంత ధారాళంగా లేదని, కష్టపడి మెల్లమెల్లగా రాసుకున్నాడని అనీబిసెంట్ ముందుమాటలోనే చెప్పారు. అంత శుభ్రమైన ఇంగ్లీషు నిజంగా అతనిదేనా అన్న అనుమానాలు అప్పుడే పుట్టాయి, ఇప్పటికీ తీరలేదు. తర్వాత ఇంగ్లండులో యూనివర్సిటీ ప్రవేశపరీక్షలు ఎన్నిసార్లు రాయించినా ఆయన గట్టెక్కలేదు. అదే మనిషి తర్వాత అరవై ఏళ్ళపాటు దేశదేశాల్లో కాగితం లేకుండా ఇంగ్లీషులో ప్రసంగించారు. పెద్ద పెద్ద పేర్లు చెప్పి ధైర్యం చెప్పడం నాకూ అంత ఇష్టం ఉండదు. కానీ మదనపల్లె బస్టాండులో నిలబడి ‘నాకు ఇంగ్లీష్ రాదు సార్’ అని సిగ్గుపడే కుర్రాడికి ఈ రెండు సంగతులూ ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

ఒక మెట్టు పైన ఉన్నవాడు

తోటి పిల్లలు ఒకరినొకరు దిద్దుకోవడాన్ని పద్ధతి ప్రకారం చేసి చూపించిన చోటు కూడా ఇక్కడికి దగ్గర్లోనే ఉంది. కృష్ణమూర్తి ఆలోచనలతో నడిచే రిషివ్యాలీ స్కూలు చుట్టూ ఉన్న పల్లెల్లో, పద్మనాభరావు, రమ దంపతుల చేతుల మీదుగా ఒక బోధనా పద్ధతి రూపుదిద్దుకుంది. ఒకే గదిలో రకరకాల వయసుల పిల్లలుంటారు. పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి నిచ్చెన మెట్లలా పేరుస్తారు. ఎవరి మెట్టు వాళ్ళది. ఒక గుంపు టీచరు పక్కన కూర్చుంటుంది. ఒక గుంపుకు టీచరు అప్పుడప్పుడు చెయ్యందిస్తుంది. ఇంకో గుంపులో పిల్లలు ఒకరికొకరు సాయపడతారు. మిగిలినవాళ్ళు ఎవరి పని వాళ్ళు చేసుకుంటారు. కర్ణాటకలో 1995లో మొదలైన ‘నలి కలి’కీ, 2003 నుంచి చెన్నై కార్పొరేషన్ బడుల్లో నడిచిన కార్డుల పద్ధతికీ స్ఫూర్తి ఇదే. అట్లా ఒక పల్లె బడి పద్ధతి రెండు పక్క రాష్ట్రాలకు పాకింది.

ఇందులో నాకు నచ్చింది ఆ మూడో గుంపు. నిన్ననే ఆ మెట్టు ఎక్కిన పిల్ల ఇవాళ పక్కపిల్లకు చెబుతుంది. అక్కడ కాలు ఎందుకు జారుతుందో ఆ పిల్లకు గుర్తుంటుంది. ఎప్పుడో ముప్ఫై ఏళ్ళ కిందట ఆ మెట్టు దాటేసిన టీచరుకు గుర్తుండదు. 1823లో బళ్ళారి కలెక్టర్ క్యాంప్‌బెల్ మద్రాసు ప్రభుత్వానికి పంపిన నివేదికలో మన వీధిబడులను చాలా విషయాల్లో తప్పుపట్టాడు గానీ, ముందున్న పిల్లలు వెనకబడ్డవాళ్ళకు చెబుతూ తమ చదువునూ గట్టి చేసుకునే పద్ధతిని మాత్రం మనసారా మెచ్చుకున్నాడు. దాన్ని ఇంగ్లండు అనుకరించడం సబబేనని కూడా రాశాడు. ఇప్పుడు కుప్పం దగ్గర అగస్త్య ఫౌండేషన్ ప్రాంగణంలో సైన్సు ప్రయోగాలు పిల్లలే తోటిపిల్లలకు చూపించి చెప్పడమూ ఈ కోవలోదే. సైన్సుకు పనికొచ్చింది, లెక్కలకు పనికొచ్చింది, ఇంగ్లీషు మాటకు పనికిరాదా?

పనికొస్తుంది, ఒక్క చిక్కుతో. లెక్క తప్పితే లెక్క తప్పినట్టే. మాట తప్పితే మనిషి తప్పినట్టు ఉంటుంది.

కాస్త ఆగడం

1977లో అచ్చయిన ఒక వ్యాసంలో షెగ్లాఫ్, జెఫర్సన్, శాక్స్ అనే ముగ్గురు పరిశోధకులు మామూలు సంభాషణలను రికార్డు చేసి, మాట్లాడేటప్పుడు దొర్లే తప్పులు ఎట్లా సర్దుకుంటాయో గమనించారు. చాలావరకు మాట్లాడేవాళ్ళే తమ తప్పు తాము దిద్దుకుంటారు. వినేవాళ్ళకు తప్పు కనబడినా వెంటనే అందుకోరు, కాస్త ఆగుతారు. ఆ కాస్త వ్యవధిలో అవతలివాళ్ళే సర్దుకోవచ్చని. అప్పటికీ సర్దుకోకపోతే, ‘మంగళవారమా, బుధవారమా?’ అన్నట్టు అనుమానంగా అడుగుతారు. మొహమాటం లేకుండా నేరుగా దిద్దడం ఎక్కువగా కనిపించేది ఒక్కచోటే: పెద్దవాళ్ళు చిన్నపిల్లలకు మాటలు నేర్పేటప్పుడు. ‘గాట్ కాదు, గెట్!’ ఎందుకు గుచ్చుకుంటుందో ఇప్పుడు తెలిసింది కదా. ఆ రెండు మాటలతో ఇరవై ఏళ్ళ మనిషిని పదిమంది ముందు పసిపిల్లను చేశాం.

మరి మెత్తగా, తప్పు అనకుండా, సరైన వాక్యాన్ని మనమే తిరిగి అనేస్తే? ‘ఓ, యు డిడ్ నాట్ గెట్ ఎ గుడ్ రేట్?’ అని. ఇది చాలా మర్యాదైన దారి. కానీ కెనడాలో ఫ్రెంచ్ మాధ్యమంలో చదివే పిల్లల తరగతుల మీద 1997లో లిస్టర్, రాంటా చేసిన అధ్యయనం ఇందులోని లోపాన్ని బయటపెట్టింది. టీచర్లు దిద్దినవాటిలో సగానికి పైగా ఇట్లాగే దిద్దారు. అట్లా దిద్దినప్పుడు పిల్లలు మాత్రం ఎక్కువసార్లు దానికి స్పందించనే లేదు. సరైన రూపాన్ని వాళ్ళ నోటివెంటే రాబట్టే ప్రశ్నలు అంతకంటే బాగా పనిచేశాయి. మరీ మెత్తగా చెబితే చెప్పినట్టే ఉండదన్న మాట. మొహమాటపడి అసలు చెప్పకపోవడం కూడా స్నేహం కాదని నా గట్టి నమ్మకం. సెలక్షన్లు అయిపోయాక ‘నీకు అప్పుడే తెలిస్తే ఎందుకు చెప్పలేదురా?’ అని అడిగితే జవాబు ఉండదు.

ఎట్లా చెప్పాలి

పుంగనూరులో సాయంత్రం స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసుకు ఇంటర్ పిల్లలతోపాటు, పిల్లల హోంవర్కు కోసం నేర్చుకుందామని ఇల్లాలు ఒకామె కూడా వస్తోందనుకోండి. ఆమె ‘వై యు డిడ్ నాట్ కేమ్ ఎస్టర్‌డే?’ అంది. పక్కనున్న కుర్రాడు ఏం చెయ్యాలి? మొదట జవాబు చెప్పాలి. నిన్న జ్వరమనో, బస్సు దొరకలేదనో. ఆమె అడిగింది అది. క్లాసయ్యాక, నలుగురిలో కాకుండా, ‘అక్కా, ఏమనుకోవద్దు, ఒక మాట. ఇందాక నువ్వు అడిగింది ఇంకొక్కసారి అడుగు’ అనాలి. సగం సందర్భాల్లో ఆమే సరిచేసుకుంటుంది. లేదంటే, ‘డిడ్ వచ్చాక కేమ్ అంటామా, కమ్ అంటామా? నేనూ అట్లే అంటాంటి’. ఇంతే. వాక్యంలో ఉన్న రెండో తప్పు, ‘వై డిడ్’ అని తిరగెయ్యాల్సింది, ఇంకో రోజుకు ఉంచాలి. ఒకసారి కూర్చుంటే ఒక్క తప్పే. రెండోది చెప్పామా, మొదటిది కూడా పోతుంది.

ఆ తప్పు ఎందుకు వస్తుందో కూడా చెప్పగలిగితే తోటివాడు టీచరును మించిపోతాడు. మనం ‘రాలేదు’ అంటే సరిపోతుంది, ఒకే మాటలో పని అయిపోతుంది. ఇంగ్లీషువాడు జరిగిపోయిన కాలాన్నంతా ‘డిడ్’ మీద మోపి, అసలు క్రియను ఖాళీగా వదిలేస్తాడు. మనం జాగ్రత్తకొద్దీ రెండింటి మీదా మోపుతాం.  అది తెలివితక్కువ వల్ల వచ్చిన తప్పు కాదు, తెలుగు బుర్రలోంచి తిన్నగా నడిచివచ్చిన తప్పు. ఈ మాట చెబితే అవతలివాళ్ళ మొహంలో సిగ్గు పోయి ఆసక్తి వస్తుంది.

అన్నీ దిద్దనక్కర్లేదు. ఎక్కడ ‘ఎ’, ఎక్కడ ‘ద’ అన్నది ఏళ్ళు పడుతుంది, వదిలెయ్యండి. ‘ఇస్కూలు’ను వదిలెయ్యండి. ‘ప్రీపోన్’ తప్పని వాదించేవాళ్ళకు అది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకి ఎక్కి కూర్చుందని చెప్పండి. అర్థం తిరగబడేవాటిని మాత్రం వదలొద్దు. పాఠం విసుగ్గా ఉందని చెప్పబోయి ‘ఐ యామ్ బోరింగ్’ అంటే నేనే విసుగు మనిషినని ఒప్పుకున్నట్టు. ఇప్పటికీ ఉద్యోగంలో ఉన్నవాడు ‘ఐ వర్క్‌డ్ దేర్ ఫర్ టూ ఇయర్స్’ అంటే మానేశాడని హెచ్‌ఆర్ రాసుకుంటాడు. ఇట్లాంటివి ఇంటర్వ్యూకు ముందురోజు చెప్పినా ఫరవాలేదు, మొహమాటం వద్దు.

దిద్దేవాడే తప్పయితే? ఇది తరచూ జరిగేదే. ఒకమ్మాయి ‘ద పోలీస్ ఆర్ కమింగ్’ అంటుంది. పక్కవాడు ధీమాగా ‘ఆర్ కాదు, ఈజ్’ అంటాడు. ఆమె రైటు, అతను తప్పు. ఆమె మాత్రం ఆ రోజు నుంచి తప్పే మాట్లాడుతుంది. అందుకే ‘అనుకుంటా’, ‘ఏమో, చూద్దాం’ అన్న మాటలు ఇక్కడ మర్యాద కోసం మాత్రమే కావు, నిజం కోసం. ఫోనులో డిక్షనరీ తీసి ఇద్దరూ కలిసి చూస్తే గొడవే లేదు.

తప్పుపట్టడంలో మన పాత ఆదర్శం నత్కీరుడు. సాక్షాత్తూ శివుడు రాసిచ్చిన పద్యంలోనే పాండ్యరాజు సభలో తప్పుపట్టిన ఆ కవి కథను ధూర్జటి ‘శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యం’లో చెప్పాడు. దేవుడికైనా జంకని ధైర్యమని మనం మెచ్చుకుంటాం. ఆ పద్యం పట్టుకుని సభకు వెళ్ళిన పేద భక్తుణ్ణి ఎవరూ తలుచుకోరు. అతను రాసింది కాదు, పొట్టకోసం చదివాడు, నిండుసభలో తలదించుకున్నాడు. మన క్లాసురూముల్లో నత్కీరులకు కొదవలేదు.

ఒప్పందం చేసుకుని దిద్దుకోవడం అన్నింటికంటే సుఖం. కుప్పం నుంచి బెంగళూరుకు రోజూ రైల్లో పోయివచ్చే ఇద్దరు స్నేహితులు ఇట్లా అనుకోవచ్చు: బంగారపేట దాకా ఇంగ్లీషే, మధ్యలో ఎవరూ ఎవరినీ ఆపకూడదు. బంగారపేట దాటాక మాలూరు వచ్చేలోపు నీవి రెండు నేను చెబుతా, నావి రెండు నువ్వు చెప్పు. ఆ తర్వాత తెలుగులోనో తమిళంలోనో ఇష్టమొచ్చినట్టు మాట్లాడుకోవచ్చు. రోజూ ఇద్దరికీ సమానంగా పడుతుంది కాబట్టి ఎవరికీ చిన్నతనం ఉండదు.

క్లాసు మొత్తానికి ఇదే పని చెయ్యడానికి ప్రపంచమంతా వాడుతున్న ఒక ఏర్పాటు ఉంది. 1924లో అమెరికాలో రాల్ఫ్ స్మెడ్లీ మొదలుపెట్టిన టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుల్లో ప్రతి సమావేశానికీ ఒక సభ్యుణ్ణి ‘గ్రమేరియన్’గా పెడతారు. అందరూ మాట్లాడుతున్నంతసేపూ అతను నోరు విప్పడు, రాసుకుంటాడు. చివర్లో లేచి ఎవరు ఏ మాట బాగా వాడారో, ఎక్కడ భాష జారిందో చెబుతాడు. వచ్చే సమావేశంలో ఆ కుర్చీ ఇంకొకరిది.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం కాలేజీల్లో కమ్యూనికేషన్ ల్యాబులు చూసే ఇంగ్లీష్ లెక్చరర్లకు ఒక మనవి. వారానికి ఒక్క గంట ఈ పనిని పిల్లలకు వంతులవారీగా అప్పజెప్పండి. రాసుకున్నవాటిలో మంచి వాక్యాలు మూడు పేర్లతో చదివించండి, తప్పులు మూడు పేర్లు లేకుండా చదివించండి. మొదటి నెల రోజులు ఎవరికీ మార్కులు మాత్రం వెయ్యకండి.